రబ్బర్ల దొంగ మా అన్నయ్య

మా అన్నయ్య రోశయ్య రబ్బర్ల దొంగ. పిల్లలు పెన్సిలు రాతలు చెరుపుకుంటారే, ఆ రబ్బరు ముక్కల దొంగ. అన్నయ్య వచ్చి కూర్చుని లేచి వెళ్లాక అక్కడ పెన్సిలుండేది, స్కేలుండేది, షార్పనరుండేది, రబ్బరు మాత్రం ఉండేది కాదు. నల్లరేగడిలో మిరప వేసి నెగ్గుకొచ్చిన రైతు, ఊళ్లో తగువు వస్తే పిలిచే పెద్దమనిషి, అయిదో తరగతి పిల్లల పెన్సిలు డబ్బాలో చెయ్యి పెడతాడని నేనెవరికి చెప్పుకోను? చెప్పుకోలేదు. వాళ్లే వచ్చి నాకు చెప్పేవాళ్లు.

మేముండేది చిలకలూరిపేటలో. మా ఆయన లక్ష్మీకాంత్ జిన్నింగ్ మిల్లులో మేనేజరు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ, తీరికైతే కథలు రాస్తూ, నలుగురిలో పరువుగా తిరిగేదాన్ని. అన్నయ్యది పర్చూరు దారిలో మా పుట్టిల్లు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. మిరపకాయల సంచుల్ని మా వైపు టిక్కీలంటారు. ఆ టిక్కీలు లారీకెత్తి కోల్డ్ స్టోరేజీలో పెట్టించడానికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో దిగేవాడు. సీజను అయిపోయాక కూడా శనివారం వచ్చిందంటే ఏదో ఒక వంక పెట్టుకుని దిగేవాడు.

మిరప రైతు గడప తొక్కితే ఇంటిల్లిపాదీ తుమ్మాలి. మా అన్నయ్య వస్తే మాత్రం ఇల్లంతా స్ట్రాబెర్రీ వాసన. ఈ కాలం రబ్బర్లకు పళ్ల వాసనలు పూస్తున్నారు కదా, అవి చొక్కా జేబులో ఉండి ఉండి ఆ మనిషికే పట్టేశాయి. ఆయన బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసేముందు జేబులు తడమడం మర్చిపోయానా, మా ఆయన తెల్ల చొక్కాలు గులాబీ రంగులో బయటికొచ్చేవి. మిల్లులో మా ఆయన్ని ఏమనుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒకసారి నరసరావుపేటలో మా ఆయన తరఫు బంధువుల ఇంటికి గృహప్రవేశానికి వెళ్లాం. కొత్త ఇల్లు, కొత్త సోఫాలు, అందరం మడత నలగకుండా కూర్చున్నాం. అన్నయ్య మాత్రం ఒక మూల హోంవర్కు చేసుకుంటున్న వాళ్ల పిల్లవాడి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. తిరుగు ప్రయాణానికి లేచాం. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి అన్నయ్య వంగాడు. జేబులోంచి ఎర్రటి రబ్బరు ఒకటి టప్పున పడింది. కొత్త టైల్సు కదా, ఎగిరింది, దొర్లింది, సరిగ్గా ఇంటాయన కాళ్ల దగ్గరికి వెళ్లి ఆగింది.

ఆయన దాన్ని చూశాడు. మేమందరం దాన్ని చూశాం.

"ఇది మావాడిది కదండీ?" అన్నాడాయన.

"అవునండీ, ఎత్తుకుపోతున్నా," అన్నాడు అన్నయ్య. అని, వంగి దాన్ని తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

మా ఆయన మొహం కళ్లంలో ఆరబోసిన కాయ రంగుకు వచ్చింది. "పోనీలెండి, పెద్దాయన ముచ్చటపడ్డారు," అంది ఇంటావిడ. ఆ మాటకు నేను భూమిలోకి కూరుకుపోదామనుకున్నాను గానీ ఆ టైల్సు నన్ను పోనివ్వలేదు. రబ్బరు పోయిన పిల్లవాడు ఏడవకపోగా గేటు దాకా పరుగెత్తుకొచ్చి అన్నయ్యకు చెయ్యి ఊపాడు. అదేమిటని ఆలోచించే స్థితిలో నేను లేను.

కారెక్కాక మా ఆయన మర్యాదగానే మొదలుపెట్టాడు.

"బావగారూ, మీకు రబ్బర్లు కావాలంటే పెట్టెలకు పెట్టెలు నేను తెప్పిస్తానండీ."

"కొత్తవి నాకెందుకు బావా?"

"మరి వాడినవి ఎందుకండీ?"

"వాడతన్నారనే గదా ఎత్తుకొచ్చేది."

మా ఆయన గేరు మార్చాడు. నేను వెనక్కి తిరిగి అడిగాను. "అన్నయ్యా, నీకు సిగ్గు లేదా?"

"సిగ్గుదేముందే మల్లీ, టిక్కీకన్నా బరువా?" అన్నాడు, వీపు మీద ఏదో సర్దుకుంటున్నట్టు భుజం కదిలించి.

ఎప్పుడడిగినా అదే జవాబు. అదే భుజం.

ఈ జబ్బు పుట్టింది మా ఇంట్లోనే. మా అమ్మాయి దీప్తికి అప్పుడు అయిదో తరగతి. దానికి లెక్కలంటే భయం లేదు, తప్పంటే సిగ్గు. తప్పు వచ్చిందని తెలిసీ తెలియగానే ఎడం చెయ్యి అడ్డం పెట్టి పరపరా చెరిపేసేది. అదే చోట మళ్లీ తప్పొస్తే మళ్లీ చెరిపేది. కాగితం నల్లబడి, పీచులేచి, చివరికి చిల్లు పడేది. చిల్లు పడ్డ పేజీ చింపి సోఫా కింద తోసేది. ఏడాది సగమయ్యేసరికి లెక్కల పుస్తకానికి రెండు అట్టలూ, మధ్యలో మర్యాద కోసం కొన్ని కాగితాలూ మిగిలాయి. ఆ మిగిలినవి మాత్రం ముత్యాల్లా ఉండేవి. ఇంటికొచ్చిన వాళ్లకు తీసి చూపించేదాన్ని, "ఒక్క కొట్టివేత లేదు చూడండి" అని.

లెక్కల పరీక్ష ఉన్నరోజు దానికి కడుపునొప్పి వచ్చేది. డాక్టరు రకరకాల టానిక్కులు రాసి, ఆఖరికి "పాప టైం టేబుల్ ఒకసారి చూపిస్తారా?" అని అడిగాడు. ఒకనాడు అది గోడవైపు తిరిగి పడుకుని, "నేను మొద్దునమ్మా. లెక్కలు వచ్చేవాళ్లకి తప్పులు రావు," అంది. ఇక బడికే పోనంది. నేను బుజ్జగించాను, బెదిరించాను, ట్యూషన్ పెట్టించాను. ట్యూషన్‌లో ఇంకో రబ్బరు అరగదీసింది.

ఆ వారమే అన్నయ్య లారీ దిగాడు. కాళ్లు కడుక్కుని వచ్చి దాని పక్కన కూర్చున్నాడు.

"ఏదమ్మా, నువ్వు చేసిన తప్పొకటి చూపించు."

"తప్పు లేదు మావయ్యా. చెరిపేశా."

"అయ్యయ్యో! తాలు పారబోశావా?" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

కళ్లంలో ఎండిన మిరపలో రంగు పోయి తెల్లబారిన కాయలుంటాయి. వాటినే తాలంటాం. కూలికొచ్చిన ఆడవాళ్లు వరసగా కూర్చుని దాన్ని ఏరి పక్కన కుప్ప పోస్తారు. ఎవరూ పారెయ్యరు, దానికీ మిరప యార్డులో గిరాకీ ఉంది. కానీ అన్నయ్య సంగతి వేరు. మిగతా రైతులు ఎర్రకుప్ప ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే, తను తాలుకుప్ప ముందు గొంతుకూర్చుని ఒక్కో కాయా తిప్పి చూసేవాడు. ఇది మంచుకు తడిసింది, ఇది పురుగు తొలిచింది, ఇది పచ్చిగా కోసింది అని మళ్లీ విడివిడిగా చిన్న కుప్పలు పెట్టేవాడు. ఊళ్లో దానికీ నవ్వేవాళ్లు.

"మంచికాయ ఏం చెబుద్దమ్మా, నేను మంచికాయనని తప్ప! వచ్చే ఏడు సేద్యం ఎట్టా చెయ్యాలో చెప్పేది ఇదిగో, ఈ తాలే. నువ్వేమో చెప్పకముందే దాని నోరు నొక్కేస్తివి," అన్నాడు దీప్తితో.

మర్నాడు అన్నయ్య ఊరెళ్లాక పెన్సిలు డబ్బాలో రబ్బరు లేదు.

"మావయ్య ఎత్తుకుపోయాడు," అంది దీప్తి, నేను అడగకముందే.

ఫోన్ చేశాను. "అన్నయ్యా, పిల్ల రబ్బరు తీశావా?"

"తీశా."

"ఎందుకూ?"

"బాగుందని."

ఆ సాయంత్రం దాని లెక్కల పుస్తకం చూసి నాకు కళ్లు తిరిగాయి. పేజీ నిండా అడ్డగీతలు. ఒక లెక్క తప్పు చేసి, ఒక గీత కొట్టి, కిందే మళ్లీ చేసి, మళ్లీ కొట్టి, ఆ కింద మళ్లీ. "ఇదేమిటే, పుస్తకమా ఇది?" అన్నాను. "రబ్బరు లేదుగా! మావయ్యని అడుగు," అంది. నా కోపం పిల్ల దగ్గర బయల్దేరి, దారి మళ్లి, పర్చూరు వైపు వెళ్లిపోయింది. కొత్త రబ్బరు కొనిచ్చాను. శనివారం అదీ పోయింది. ఇంకోటి కొనిచ్చాను. తాడు కట్టి డబ్బాకు బిగించాను. తాడు మిగిలింది.

తర్వాత మా అపార్టుమెంటులో పిల్లల రబ్బర్లన్నీ ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది. పక్క ఫ్లాటు వెంకటరావమ్మ గారు ఊరుకునే మనిషి కాదు. ఒక శనివారం మనవడు సాయిగణేష్ రెక్క పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ఏమమ్మా మల్లేశ్వరీ, మీ అన్నకి ఇంట్లో తిండి పెడతన్నావా లేదా?"

"ఏమైందండీ?"

"మావాడి రబ్బరు ఎత్తుకుపోయాడంట! కారు బొమ్మ రబ్బరు. మా అల్లుడు విజయవాడ నించి తెచ్చింది. ఏం రోశయ్య గారూ, తీశారా?"

అన్నయ్య అన్నం ముందునించి తలెత్తాడు. "తీశానమ్మా. కారు గదా, సరదా పడ్డా."

"పెద్దవయసొచ్చి పిల్లల కార్లు ఎత్తుకుపోవడానికి సిగ్గనిపించట్లా?"

"సిగ్గుదేముందమ్మా, టిక్కీకన్నా..."

"అన్నయ్యా, నువ్వు అన్నం తిను!" అని అరిచాను నేను. సాయిగణేష్ నాయనమ్మ వెనకనించి అన్నయ్యను చూసి కన్ను గీటాడు. వీడికి కూడా పెంకితనం అంటుకుందనుకున్నాను.

శనివారాలు డాబా మీద ఇంకో భాగోతం. బట్టలు తియ్యడానికి వెళితే పిల్లలు మా అన్నయ్య చుట్టూ చేరి, ముందు లెక్కల పుస్తకాలు పరిచి, పోట్లాడుకుంటూ కనిపించేవాళ్లు.

"నీది తొందర తాలురా. ప్లస్‌ని మైనస్ అని చదివావు."

"పోవే, నీది గుడ్డి తాలు! ఫ్రాక్షన్లంటేనే నీకు తెలవదు."

"గుడ్డి తాలైతే టీచర్ని అడగాలి. మావయ్యకి కూడా తెలవదు."

"నాకెట్టా తెలుసుద్దమ్మా, నేను ఏరడమే, పండించేది మీరు," అనేవాడు అన్నయ్య, కాలు మీద కాలేసుకుని, స్ట్రాబెర్రీ వాసన కొడుతూ. ఇంగ్లీషు మీడియంలో చదువుకునే పిల్లలకు మా అన్నయ్య మిరప యార్డు భాష నేర్పుతున్నాడని వెంకటరావమ్మ గారు సొసైటీ మీటింగులో పెట్టింది. ఆ మీటింగుకు నేను వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను. నిజంగానే వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద అవమానం బడిలో జరిగింది. లెక్కల టీచరు జానీబీ గారు నన్ను పిలిపించారు. మెత్తటి మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచరు.

"మేడమ్, రోశయ్య గారంటే మీ అన్నయ్యేనా అండీ?"

"అవునండీ," అన్నాను, నేల చూస్తూ.

"మా క్లాసులో ఈ మధ్య ఎవరి పుస్తకం చూసినా కొట్టివేతలే. ఏంటమ్మా ఇది అంటే, రబ్బరు రోశయ్య తాత ఎత్తుకుపోయాడు టీచర్ అంటున్నారు. ఒకరు కాదండీ, అందరూ. ఆయన బడి లోపలికి ఎట్టా వస్తున్నారో మా వాచ్‌మన్‌కి అర్థం కావట్లేదు."

ఆ రోజు నేను బడి గేటు దాకా నడిచానో, ఎవరైనా మోసుకొచ్చారో గుర్తు లేదు. ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

"బడికెప్పుడు వెళ్లావు నువ్వు?"

"ఏ బడికే?"

"దీప్తి బడికి! క్లాసు క్లాసంతా నువ్వే తీశావంటున్నారు!"

"అంటన్నారా? అయితే వెళ్లుంటాలే," అన్నాడు. గొంతులో ఏదో సంతోషం. నేను ఫోన్ పెట్టేశాను. ఆ నెలంతా మాట్లాడలేదు. శనివారాలు వస్తే కాఫీ గ్లాసు టేబుల్ మీద టక్కున పెట్టి లోపలికి వెళ్లిపోయేదాన్ని. "కాఫీ బాగుందే," అనేవాడు తలుపుతో.

ఈ మధ్యలో దీప్తికి కడుపునొప్పి ఎప్పుడు తగ్గిందో నేను చూడనేలేదు. పుస్తకం ఎంత అసహ్యంగా ఉందా అని చూడటంతోనే సరిపోయింది నాకు. రోజూ సాయంత్రం పాలు తాగి అదే తనంతట తను కూర్చుని లెక్కలు చేసేది. తప్పొస్తే "హమ్మయ్య, దొరికింది!" అనేది. నేనేమో టానిక్కు పనిచేసిందనుకున్నాను.

పోయిన ఏడాది మాఘంలో, కాయలు ఏరుతున్న రోజుల్లో, అన్నయ్య తాలుకుప్ప ముందు గొంతుకూర్చున్నవాడు అట్లాగే పక్కకు ఒరిగాడు. గుండె. ఏరుతున్న ఆడవాళ్లు కునుకు పట్టిందేమో అనుకున్నారట. అంత నెమ్మదిగా వెళ్లాడు.

పెద్దకర్మ రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెడతాం. మిరపకాయ బజ్జీలు పెట్టాం, గోంగూర పెట్టాం, కాఫీ పెట్టాం. మా ఆయన కొత్త పంచెల చాపు తెచ్చి పెట్టాడు. మా అపార్టుమెంటు వాళ్లు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. వెంకటరావమ్మ గారు కూడా. అందరూ పూలు వేసి లేస్తుండగా దీప్తి వచ్చి ఫోటో ముందు, బజ్జీల పక్కన, ఒక రబ్బరు పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు పూజ చేయిస్తున్నాయన.

"మా మావయ్యకి ఇష్టమండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. దాని చెయ్యి పట్టుకుని లాగబోయాను. ఈలోగా సాయిగణేష్ వచ్చి ఇంకో రబ్బరు పెట్టాడు. ఆ వెనకే ఇంకో పిల్ల. చూస్తుండగానే కాఫీ గ్లాసు చుట్టూ ఏనుగులూ, కార్లూ, అరటిపళ్లూ పేరుకున్నాయి. కళ్లం మీదినించి మిరప ఘాటు వస్తున్నా, ఆ పందిట్లో మళ్లీ స్ట్రాబెర్రీ వాసన.

వెంకటరావమ్మ గారు కళ్లు తుడుచుకుంటూనే అంది. "పోనీలేరా, ఎత్తుకుపోయినాయన పోయాడు గదా, ఇప్పుడెందుకురా ఇవన్నీ?"

"తాత ఎత్తుకుపోలేదు నాయనమ్మా. మేమే ఇచ్చాం."

"ఏందీ?"

"మేమే ఇచ్చాం. క్లాసులో వాళ్లవి దీప్తి అక్క పోగుచేసి తెచ్చేది."

"మరి ఎత్తుకుపోయాడని నాతో చెప్పావు గదరా, వెధవా!"

"తాతే అట్టా చెప్పమన్నాడు."

నేను దీప్తి వైపు చూశాను. అది తల వంచుకుంది, పాతరోజుల్లో తప్పు చేసినప్పటిలాగే.

"చెరపకుండా చేస్తే పుస్తకం పాడవుద్ది కదమ్మా," అంది మెల్లగా. "పాడైతే నువ్వు తిడతావు. నాకు సిగ్గేస్తది మావయ్యా అన్నా. అయితే రబ్బరు నాకిచ్చెయ్, నేను ఎత్తుకుపోయానని చెప్పు, ఆ సిగ్గేదో నేను మోసుకుపోతాలే అన్నాడు. టిక్కీకన్నా బరువా అన్నాడు."

ఎక్కడినించో జానీబీ టీచర్ గొంతు వినపడింది. ఆవిడ వచ్చిన సంగతి కూడా నేను చూడలేదు. "అయ్యో, నేను ఆయన్ని వాచ్‌మన్‌తో వెతికించాను కదండీ!" అన్నారావిడ. ముందు నవ్విందెవరో తెలియదు. వెంకటరావమ్మ గారే అయి ఉండాలి. పెద్దకర్మలో అంత నవ్వు మా ఊళ్లో ఎవరూ వినలేదట. ఫోటోలో అన్నయ్య ఎటో చూస్తున్నాడు, కాఫీ బాగుందన్నట్టు.

ఇక్కడితో ముగిస్తే నా పరువు కొంత దక్కేది. కానీ మొన్న సంవత్సరాంతం పరీక్షల ముందు ఒక సాయంత్రం వంటింట్లోంచి నాకొక చప్పుడు వినపడింది. పరపరా, పరపరా. వెళ్లి చూస్తే దీప్తి ఎడం చెయ్యి అడ్డం పెట్టుకుని చెరుపుతోంది. పేజీ నల్లబడింది. పీచులేస్తోంది. పక్కనే సోఫా, దాని కింద చోటు ఖాళీగా.

"ఏమైందే?"

"ఏం లేదు. పెద్ద క్లాసుకొచ్చా కదా, పుస్తకం నీట్‌గా ఉండాలి," అంది, నా మొహం చూడకుండా. "ఇప్పుడెవరి మీద చెప్పను?"

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి మీద పులుసు మాడిపోయేదాకా నిలబడ్డాను. అది మంచినీళ్లకు లేచినప్పుడు వచ్చి, అటూ ఇటూ చూసి, రబ్బరు తీసి చీర కుచ్చెళ్ల దగ్గర దోపుకున్నాను. మాది దొంగల వంశం కాదు, నాకు అలవాటు లేదు.

"అమ్మా, నా రబ్బరేది?"

"ఏమో, నాకేం తెలుసు?"

అది టేబుల్ కింద వెతికింది, డబ్బా బోర్లించింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నా ఎడం చెయ్యి నడుం దగ్గర ఎందుకుందో చూసింది.

"టీచరడిగితే?" అంది, పెదవులు బిగబట్టి.

"మా అమ్మ ఎత్తుకుపోయిందని చెప్పు."

అది గబగబా కుర్చీలో కూర్చుని, చిల్లు పడబోతున్న ఆ లెక్క మీద ఒకే ఒక్క గీత కొట్టి, "తొందర తాలు," అని తనలో తను అనుకుని కింద మళ్లీ మొదలుపెట్టింది.

పరీక్షలయ్యాక జానీబీ గారు తల్లిదండ్రులందరినీ పిలిచారు. దీప్తి పేపరు చూపించారు. కొట్టివేతలున్నాయి, వాటి కింద సరైన లెక్కలూ ఉన్నాయి. రెండు చోట్ల తాలు తాలుగానే మిగిలిపోయింది. "ఈ రెండూ నన్నడిగి తెలుసుకుంటానని తనే చెప్పిందండీ," అన్నారావిడ. సంతకం పెట్టడానికి హ్యాండ్ బ్యాగులో పెన్ను కోసం వెతికాను. పెన్నుతోపాటు ఏనుగు బొమ్మ రబ్బరొకటి టేబుల్ మీద పడి, దొర్లి, ఆవిడ ముందు ఆగింది.

అది దీప్తిది కాదు. సాయిగణేష్‌ది. పొద్దున్నే లిఫ్టులో ఇచ్చాడు.

"మీరు కూడానా మేడమ్!" అన్నారు జానీబీ గారు. వెనక వరసలో తల్లిదండ్రులందరూ మెడలు సాచి చూస్తున్నారు. అందులో మా కాలేజీ ప్రిన్సిపాలు గారి భార్య కూడా ఉంది.

"అవునండీ, ఎత్తుకుపోతున్నా," అన్నాను.

బరువు లేదని అన్నయ్య అబద్ధం చెప్పాడు. చాలా బరువుంది. బడి మెట్లు దిగేదాకా భుజం సర్దుకుంటూనే ఉన్నాను.